సెక్షన్ 8 గొడవలో సిటీ కౌన్సిల్ చేతిలో ఉన్నదెంత?

పోయిన ఉగాదికి భోజనానికి వచ్చిన మా పిన్ని కొడుకు, పచ్చడి రుచి ఇంకా నాలుక మీద ఉండగానే ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. వాళ్ల కాలనీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న మెసేజ్ అది. మన సిటీ కౌన్సిల్ సెక్షన్ 8 తెస్తోంది, మంగళవారం ఓటింగ్, అందరూ వచ్చి వద్దని చెప్పండి అని రాసి ఉంది. సెక్షన్ 8 అంటే పేద కుటుంబాల ఇంటి అద్దెలో కొంత ఫెడరల్ సర్కారు కట్టే పథకం. ఆస్టిన్‌కి ఉత్తరాన ఉన్న ఊళ్లో వాడికి తాము ఉండే ఇల్లు కాక అద్దెకిచ్చే ఇల్లు ఇంకొకటి ఉంది. "అన్నయ్యా, ఓటు పడితే ఆ ఇల్లు నేను వాళ్లకే ఇవ్వాలా?" అని అడిగాడు.

"టెక్సస్‌లో అక్కర్లేదురా. నిన్ను బలవంతపెట్టే అధికారం ఏ కౌన్సిల్‌కీ లేదు" అన్నాను. వాడి మొహం తేటపడింది. ఇంకో గారె అందుకున్నాడు.

ఒక్క మినహాయింపు పోను నేను చెప్పింది నిజమే. అయితే ఆ అధికారం కౌన్సిళ్లకి ఎందుకు లేదో, ఎవరు ఎప్పుడు తీసేశారో ఆ పూట చెప్పలేకపోయాను. ఆస్టిన్ కౌన్సిల్ ఒకసారి ఓటు వేసి మరీ అలాంటి చట్టం చేసింది. అది ఏడాది కూడా నిలవలేదు. ఆ కథ తెలియకుండా ఈ ఊళ్లలో జరిగే హౌసింగ్ చర్చలు ఎన్నిసార్లు విన్నా అర్థం కావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ మెసేజ్‌లోని తికమక సంగతి. పేదల ఇళ్లకు సంబంధించిన దేన్నయినా సెక్షన్ 8 అనేయడం ఇక్కడ అలవాటైపోయింది. కౌన్సిల్ మీటింగులో మైకు ముందుకొచ్చి మాట్లాడేవాళ్లలో కూడా చాలామంది అలాగే అంటారు. నిజానికి ఇవి మూడు వేర్వేరు పథకాలు. డెల్టా పల్లెలో పెరిగినవాణ్ని కాబట్టి నాకు కాలవల లెక్కలో చెప్పడమే తేలిక. ఫెడరల్ ఖజానా అనే బ్యారేజీ నుంచి మూడు కాలవలు బయల్దేరతాయి. ఏ కాలవ తూము ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

మొదటిది వోచర్ల కాలవ. అసలైన సెక్షన్ 8 ఇదే. దీని డబ్బు వాషింగ్టన్‌లోని గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ నుంచి, అంటే అందరూ హడ్ అనే శాఖ నుంచి, నేరుగా స్థానిక హౌసింగ్ అథారిటీకి వస్తుంది. అక్కణ్నుంచి ఇంటి ఓనరు ఖాతాలో పడుతుంది. సిటీ హాలు గడప తొక్కదు. హౌసింగ్ అథారిటీ పేరులో ఊరి పేరు ఉంటుంది, దాని బోర్డు సభ్యుల్ని టెక్సస్‌లో మేయరే నియమిస్తారు, అంతవరకే సంబంధం. ఆస్టిన్ లాంటి చోట కౌన్సిల్ ఓటు వేసి సెక్షన్ 8ని తేవడం గానీ ఆపడం గానీ ఉండదు. పైగా ఒక ఊళ్లో వోచర్ వచ్చిన కుటుంబం దాన్ని పట్టుకుని ఇంకో ఊరికి వెళ్లొచ్చు. అంటే మావాడి ఊళ్లోకి అది ఎప్పుడో వచ్చే ఉంది.

రెండోది కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్, ఇక్కడివాళ్ల నోట సీడీబీజీ. 1974 ఆగస్టు 22న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేసిన ఒకే చట్టంలోంచి సెక్షన్ 8, సీడీబీజీ రెండూ పుట్టాయి. ఒకే కాన్పులో పుట్టినా ఇది వేరే దారి పట్టింది. ఈ డబ్బు సిటీకే వస్తుంది, దేనికి ఖర్చు పెట్టాలో కౌన్సిలే తేలుస్తుంది. 50,000 జనాభా దాటిన నగరాలు చాలావాటికి ఏటా వాటా అందుతుంది. షరతులు ఉన్నాయి. ఖర్చులో కనీసం 70 శాతం, తక్కువ లేదా మధ్యస్థ ఆదాయాలవారికి మేలు చేయాలి. పిల్లల సంరక్షణ, ఆకలి తీర్చే కార్యక్రమాలు వంటి సేవలకి 15 శాతం మించకూడదు. ఖర్చు ప్రణాళికను ప్రజల ముందు పెట్టి, వాళ్ల మాట విన్నాకే ఓటు వేయాలి. 1990లో దీనికి తోడుగా హోమ్ అనే ఇంకో పథకం వచ్చింది. తక్కువ అద్దె ఇళ్లు కట్టడానికీ, బాగుచేయడానికీ, ఒక్కోసారి అద్దె సాయానికీ ఆ డబ్బు వాడతారు. ఈ కాలవ తూము మాత్రం నిజంగా కౌన్సిల్ చేతిలోనే ఉంది.

మూడోది 1986 నాటి పన్ను రాయితీల పథకం. ప్రైవేటు బిల్డర్లు తక్కువ అద్దె అపార్ట్‌మెంట్లు కడితే ఫెడరల్ పన్నులో తగ్గింపు ఇస్తారు. పంచేది రాష్ట్ర సంస్థ. అయితే ఏ ప్రాజెక్టుకి ఇవ్వాలో తేల్చే మార్కుల్లో స్థానిక కౌన్సిల్ తీర్మానానికి టెక్సస్‌లో గట్టి విలువ ఉంది. కౌన్సిల్ మద్దతు ఇవ్వకపోతే ఆ ప్రాజెక్టు పోటీలో వెనకబడిపోతుంది. అంటే ఈ తూముకి రెండు తాళాలున్నాయి, అందులో ఒకటి సిటీది.

ఇక వోచర్ దగ్గరికి వద్దాం. గొడవంతా దాని చుట్టూనే.

మన దగ్గర సర్కారు ఇల్లంటే స్థలం పట్టా, లేదా కట్టిన ఇల్లు. ఇందిరమ్మ ఇల్లయినా, డబుల్ బెడ్‌రూం ఇల్లయినా, టిడ్కో ఫ్లాటయినా చేతికొచ్చాక అది మనది. అమెరికా వోచర్ అలాంటిది కాదు. అది అద్దెలో వాటా పంచుకుంటామన్న సర్కారు మాట. ఇల్లు ఆ కుటుంబమే వెతుక్కోవాలి.

లెక్క ఎలాగో ఒక ఉదాహరణతో చెప్తాను. వృద్ధుల ఇళ్లకు వెళ్లి సేవ చేసే ఒక తల్లి ఉంది, ఇద్దరు పిల్లలు. మినహాయింపులు పోను నెలకి 2,000 డాలర్ల ఆదాయం. అందులో 30 శాతం, అంటే 600 డాలర్లు, అద్దెకి ఆమె పెట్టుకోవాలి. 1,500 డాలర్ల ఇల్లు దొరికితే మిగతా 900 హౌసింగ్ అథారిటీ కడుతుంది. అయితే ఎంత పెద్ద అద్దెకైనా కట్టదు. ఆ ప్రాంతంలో ఇన్ని గదుల ఇంటికి ఇంత అని ఒక పరిమితి పెట్టుకుంటారు. ఆ పరిమితి 1,600 అనుకుందాం. ఆమె చూసిన ఇల్లు 1,800. అప్పుడు అథారిటీ ఇచ్చేది 1,000 మాత్రమే, మిగతా 800 ఆమెది. 800 అంటే ఆమె ఆదాయంలో సరిగ్గా 40 శాతం. కొత్తగా ఇంట్లో చేరేటప్పుడు అంతకు మించి భారం పడే ఇల్లు తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. అద్దె ఇంకో 50 డాలర్లు ఎక్కువైతే ఆ ఇల్లు ఆమెకి లేనట్టే.

అందుకే ఆ పరిమితిని ఎలా కడతారన్నది పైకి కనిపించేంత చిన్న విషయం కాదు. మహానగరం మొత్తానికి ఒకే అంకె పెడితే అది ఖరీదైన పేటల్లో ఇంటికి సరిపోదు, పేద పేటల్లో మాత్రం సరిపోతుంది. ఫలితంగా వోచర్లన్నీ పేదరికం ఉన్నచోటికే చేరతాయి. డాలస్‌లో ఇన్‌క్లూజివ్ కమ్యూనిటీస్ ప్రాజెక్ట్ అనే సంస్థ దీని మీదే కేసు వేసింది. ఆ కేసు రాజీతో ముగిశాక, 2011 నుంచి డాలస్ ప్రాంతంలో జిప్ కోడ్ వారీగా అంకెలు లెక్కగట్టడం మొదలైంది. 2016లో హడ్ ఆ పద్ధతిని మొత్తం 24 మహానగర ప్రాంతాలకు విస్తరించింది. మనవాళ్లు వేలల్లో ఉన్న ప్లేనో, ఫ్రిస్కో వైపు ఒక పేద కుటుంబం వోచర్‌తో ఇల్లు వెతుక్కోగలుగుతోందంటే వెనక ఈ కేసు ఉంది.

ఈ వోచర్ సాయం దేశంలో దాదాపు 23 లక్షల కుటుంబాలకు అందుతోంది. 2024 బడ్జెట్‌లో దీనికి 3,200 కోట్ల డాలర్లు దాటి కేటాయించారు. పెద్ద మొత్తమే. కానీ ఇది అర్హులందరికీ దక్కే హక్కు కాదు. ఫెడరల్ అద్దె సాయానికి అర్హత ఉన్న కుటుంబాల్లో సుమారు నాలుగింట ఒకదానికే ఏదో ఒక సాయం అందుతోంది. మిగతావాళ్లు వెయిటింగ్ లిస్టులో ఏళ్ల తరబడి ఉంటారు. చాలా ఊళ్లలో ఆ లిస్టు కూడా మూసేసి ఉంటుంది. తీరా వోచర్ చేతికొచ్చాక ఇల్లు వెతుక్కోవడానికి కనీసం 60 రోజుల గడువు ఇస్తారు. ఆ గడువూ, పొడిగింపులూ అయిపోయేలోగా ఇల్లు దొరక్కపోతే వోచర్ వెనక్కి పోతుంది. ఏళ్ల నిరీక్షణ నీళ్లపాలు.

ఇక్కడే ఇంటి ఓనరు వస్తాడు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు మర్యాదస్తులు, అద్దె సరిపోతుంది, అన్నీ కుదిరాయి. "వోచర్ ఉందండీ" అనగానే "మేం సెక్షన్ 8 తీసుకోం" అని ఫోన్ పెట్టేస్తాడు. ఇది ఎంత మామూలో 2018లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఐదు చోట్ల ఓనర్లకి ఫోన్లు చేసి చూశారు. మా టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో 78 శాతం కాదన్నారు. లాస్ ఏంజెలిస్‌లో 76, ఫిలడెల్ఫియాలో 67. నూవర్క్‌లో 31, వాషింగ్టన్‌లో 15. చివరి రెండు చోట్లా వోచర్ ఉందన్న కారణంతో కాదనడం చట్టవిరుద్ధం. ఆ ఫోన్లు చేసేనాటికి ఫోర్ట్ వర్త్‌లోనూ, లాస్ ఏంజెలిస్‌లోనూ అలాంటి రక్షణ లేదు. ఫిలడెల్ఫియాలో చట్టం ఉన్నా 67 శాతం కాదన్నారంటే, చట్టం రాసి ఊరుకుంటే చాలదనీ, దాన్ని అమలు చేసేవాళ్లు ఉండాలనీ అర్థమవుతుంది.

ఫెడరల్ చట్టం ఏం చేస్తోందని అడగొచ్చు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించకూడదంది. 1974లో లింగాన్నీ, 1988లో వైకల్యాన్నీ, పిల్లలున్న కుటుంబాలనీ చేర్చారు. ఇండియా నుంచి నిన్న దిగిన కుర్రాడికి, దేశం పేరు చెప్పి అపార్ట్‌మెంట్ ఇవ్వననడం ఇక్కడ కుదరదంటే ఆ చట్టం వల్లే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో టు-లెట్ బోర్డు చూసి లోపలికెళ్తే "మీరేవిట్లు?" అని అడిగి, జవాబు నచ్చక "ఇల్లు ఇచ్చేశామండీ" అనిపించుకున్నవాళ్లకి ఆ రక్షణ విలువ వేరే చెప్పక్కర్లేదు. కానీ అద్దె డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందన్నది ఆ జాబితాలో లేదు. వోచర్ ఉన్న కుటుంబాల్లో దాదాపు సగం నల్లజాతివారివి. కాబట్టి "వోచర్లు తీసుకోం" అన్న మాట ఎవరి మొహం మీద తలుపు వేస్తుందో తెలుస్తూనే ఉంది. అయినా ఆ మాట అనడానికి ఫెడరల్ చట్టం అడ్డురాదు.

ఒకప్పుడు కొంత అడ్డు ఉండేది. ఒక్క వోచర్ కుటుంబాన్ని చేర్చుకున్న ఓనరు, వోచర్ ఉందన్న కారణంతో తర్వాతివాళ్లని కాదనకూడదని 1987లో కాంగ్రెస్ నియమం పెట్టింది. దాంతో కొందరు ఓనర్లు మొదటి కుటుంబాన్నే చేర్చుకోవడం మానేశారన్న ఫిర్యాదు వచ్చింది. 1996లో ఆ నియమాన్ని పక్కన పెట్టి, 1998లో పూర్తిగా తీసేశారు. అప్పటినుంచీ ఫెడరల్ దృష్టిలో ఇది ఓనరు ఇష్టం. పన్ను రాయితీతో కట్టిన అపార్ట్‌మెంట్లకి మాత్రం మినహాయింపు ఉంది. సర్కారు రాయితీ తీసుకున్నవాళ్లు సర్కారు వోచర్‌ని కాదనకూడదు.

ఆ ఖాళీని పూడ్చే పని రాష్ట్రాల మీదా, నగరాల మీదా పడింది. మసాచుసెట్స్ 1971లోనే పూడ్చింది. కాలిఫోర్నియా వోచర్లకి పూర్తి రక్షణ ఇచ్చింది 2020 జనవరి నుంచి. ఆస్టిన్ 2014లో ప్రయత్నించింది.

ఆస్టిన్ ఈ చర్చకి వేదిక కావడం వెనక చాలా చరిత్ర ఉంది, దాన్ని దాటేసి వెళ్లబుద్ధి కావడం లేదు. 1928లో నగరం కోసం తయారైన మాస్టర్ ప్లాన్ నల్లజాతివారిని ఊరికి తూర్పున ఉంచాలని సూచించింది. బడి, పార్కు లాంటి సౌకర్యాలు వాళ్లకి తూర్పునే ఏర్పాటు చేస్తే వాళ్లంతట వాళ్లే అటు వెళ్తారన్నది అందులోని ఆలోచన. అలాగే జరిగింది. ఆనాటి ఈస్ట్ అవెన్యూయే ఈనాటి ఐ-35 హైవే. ఇప్పటికీ ఊరివాళ్లు మాట్లాడేటప్పుడు ఆ రోడ్డుకి అటూ ఇటూ అనే అంటారు.

1937లో కాంగ్రెస్ పబ్లిక్ హౌసింగ్ చట్టం చేసింది. ఆ ఏడే కొత్తగా గెలిచిన ఇక్కడి యువ సభ్యుడు లిండన్ జాన్సన్ పట్టుబట్టి తన ఊరికి నిధులు తెచ్చాడు. అలా ఆ చట్టం కింద దేశంలోనే మొట్టమొదట పూర్తయిన ఇళ్ల సముదాయం ఆస్టిన్‌లో లేచింది. దాని పేరు సాంటా రీటా కోర్ట్స్, 40 ఇళ్లు, 1939. కానీ అవి మెక్సికన్ కుటుంబాలకి. నల్లజాతివారికి రోజ్‌వుడ్ కోర్ట్స్ 60 ఇళ్లు, తెల్లవారికి చామర్స్ కోర్ట్స్ 86 ఇళ్లు. మొత్తం 186 ఇళ్లు, మూడు వేరు వేరు వాడలు. పేదవాడికి గూడు కావాలన్న మంచిపని కూడా ఊరి గీతల లోపలే జరిగింది. అదే జాన్సన్ 1968లో అధ్యక్షుడిగా ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద సంతకం పెట్టాడు. అదే ఏడాది ఆస్టిన్ కౌన్సిల్ తనదైన ఫెయిర్ హౌసింగ్ చట్టం చేస్తే, రియల్టర్లు సంతకాలు సేకరించి ప్రజాభిప్రాయానికి పెట్టించారు. ఓటర్లు దాన్ని రద్దు చేశారు.

ఈ నేపథ్యంలో 2014 డిసెంబరు వచ్చింది. అప్పటి కౌన్సిల్‌లో మేయర్ లీ లెఫింగ్‌వెల్, ఆరుగురు సభ్యులు. అందరూ ఊరంతటి నుంచీ ఎన్నికైనవాళ్లే. జనవరి నుంచి ప్రాంతాల వారీగా పదిమంది సభ్యుల కొత్త కౌన్సిల్ రాబోతోంది. దిగిపోయే ముందు పాత కౌన్సిల్ చేసిన చివరి పనుల్లో ఒకటి, నగర ఫెయిర్ హౌసింగ్ చట్టంలో ఆదాయ వనరుని చేర్చడం. అద్దె సరిపోతున్నా వోచర్ ఉందన్న ఒక్క కారణంతో కాదనకూడదు. అంతే దాని సారాంశం. ఓనరు పాత అద్దెదారుల్ని వాకబు చేసుకోవచ్చు, క్రెడిట్ చూసుకోవచ్చు, నచ్చకపోతే ఆ కారణాల మీద కాదనొచ్చు.

రెండు పక్షాల వాదనా విన్నాను. సమర్థించినవాళ్లు మ్యాపు చూపించారు: వోచర్ తీసుకునే ఇళ్లన్నీ తూర్పున పోగుపడుతున్నాయి, మంచి బడులున్న పడమర వైపు తలుపులు మూసి ఉన్నాయి. అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘం ఇంకో సంగతి చెప్పింది. హడ్ కార్యక్రమాన్ని కాంగ్రెసే స్వచ్ఛందమంది, ఓనరు హౌసింగ్ అథారిటీతో ఒప్పందం మీద సంతకం పెట్టాలి, ఇష్టం లేని ఒప్పందంలోకి నగరం ఎలా లాగుతుంది? సంఘం ఫెడరల్ కోర్టుకెక్కింది. 2015 మొదట్లో జడ్జి శామ్ స్పార్క్స్ చట్టాన్ని తాత్కాలికంగా ఆపడానికి ఒప్పుకోలేదు. ఆ జడ్జి దగ్గర ఓనర్లు అనుకున్నది జరగలేదు.

అసెంబ్లీలో జరిగింది. కౌన్సిల్ కూర్చునే భవనానికి కొద్ది దూరంలోనే రాష్ట్ర క్యాపిటల్ ఉంది. లబ్బాక్‌కి చెందిన సెనేటర్ చార్ల్స్ పెర్రీ తెచ్చిన ఎస్‌బీ 267 బిల్లు, వోచర్ కుటుంబాన్ని కాదనకూడదని ఏ నగరమూ, కౌంటీ చట్టం చేయకూడదంది. గవర్నర్ గ్రెగ్ ఆబట్ సంతకం చేశారు. 2015 సెప్టెంబరు 1 నుంచి అమలు. ఆస్టిన్ చట్టం అక్కడితో ఆగిపోయింది. 2021లో అయోవా రాష్ట్రం కూడా ఇదే దారి పట్టింది.

టెక్సస్ చట్టంలో ఒక్క మినహాయింపు ఉంది. మాజీ సైనికుల వోచర్లని కాదనకుండా నగరాలు రక్షణ ఇవ్వొచ్చు. నన్ను ఆలోచింపజేసేది ఈ మినహాయింపే. ఓనర్ల అభ్యంతరమంతా కాగితాల పని, తనిఖీలు, ప్రభుత్వంతో ఒప్పందం అయితే, మాజీ సైనికుడి వోచర్‌కీ అవే కాగితాలు, అవే తనిఖీలు. అక్కడ మోయగలిగిన బరువు వృద్ధుల సేవకి వెళ్లే తల్లి దగ్గరకొచ్చేసరికి మోయలేనిది ఎలా అయింది? బరువు కాగితాలదే అయితే ఇలా మనిషిని బట్టి మారదు.

ఓనర్ల మాటలో నిజమెంత

అలాగని ఓనర్ల ఫిర్యాదులన్నీ సాకులని నేను అనను. మా పిన్ని కొడుకు లాంటివాడికి ఒక్క ఇల్లు, దాని మీద బ్యాంకు వాయిదా. ఇల్లు హడ్ ప్రమాణాలకి తగ్గట్టు ఉందో లేదో తనిఖీ అయ్యాకే ఒప్పందం మొదలవుతుంది. తనిఖీకి రోజులు పడితే ఆ రోజుల అద్దె పోయినట్టే, వాయిదా మాత్రం ఆగదు. పొగ అలారం పనిచేయడం లేదనో, కిటికీ గొళ్లెం లేదనో తనిఖీలో తప్పితే బాగుచేయించి మళ్లీ పిలవాలి. వెయ్యి ఫ్లాట్ల కంపెనీకి ఇదో లెక్క కాదు. ఒక్కింటి ఓనరుకి నెలాఖరు నిద్ర పట్టనివ్వదు.

అయితే రెండో వైపు మనవాళ్లు చూడని లాభం ఒకటుంది. అథారిటీ వాటా ప్రతినెలా నేరుగా ఖాతాలో పడుతుంది. అద్దెదారు ఉద్యోగం పోయి ఆదాయం తగ్గితే, లెక్క మళ్లీ కట్టి సర్కారు తన వాటా పెంచుతుంది. వోచర్ లేని అద్దెదారుకి ఉద్యోగం పోతే ఏమవుతుందో 2020లో అద్దె ఇళ్లున్న ప్రతివారికీ అనుభవమే. నా మటుకు నేను, తనిఖీ ఆలస్యానికి పరిహారం, త్వరగా తనిఖీ, ఇల్లు పాడైతే ఆదుకునే నిధి ఏర్పాటు చేస్తే చిన్న ఓనర్ల భయాల్లో చాలావరకు తీరతాయని నమ్ముతాను. అవి తీర్చిన తర్వాత కూడా "వాళ్లు వద్దు" అంటే, ఆ మాటకి చట్టం రక్షణ ఉండకూడదనీ నమ్ముతాను.

ఎందుకింత పట్టింపంటే, ఇందులో పిల్లలున్నారు. 1994 నుంచి 1998 వరకు హడ్ ఐదు నగరాల్లో 4,600 కుటుంబాలతో ఒక ప్రయోగం చేసింది. కొందరికి పేదరికం తక్కువున్న పేటల్లోనే వాడాల్సిన వోచర్లు ఇచ్చారు. పెద్దవాళ్ల సంపాదన పెరగలేదు. ప్రయోగం విఫలమైందని చాలామంది తీర్మానించారు. తర్వాత ఆర్థికవేత్త రాజ్ చెట్టి, ఆయన సహచరులు ఆనాటి పిల్లలు పెరిగి పెద్దయ్యాక పన్ను రికార్డులు చూశారు. 13 ఏళ్లలోపు కొత్త పేటకి వెళ్లిన పిల్లలు, ఇరవైల మధ్యకొచ్చేసరికి తమలాంటి మిగతా పిల్లలకన్నా 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. ఆ వయసు దాటాక వెళ్లినవాళ్లకి ఆ మేలు కనిపించలేదు. మంచి బడి కోసం ఇంటికి లక్ష డాలర్లు ఎక్కువైనా పెట్టి కొనే మన తల్లిదండ్రులకి ఈ అంకెలు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 60 రోజుల గడువులో ఏ ఓనరు ఫోన్ పెట్టేశాడన్నది ఒక పిల్లవాడి పాతికేళ్ల తర్వాతి జీతంలో తేలుతోంది.

మనవాళ్లలో వోచర్‌కి అర్హులెవరన్న ప్రశ్న కూడా వస్తుంటుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు కారు. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులు అర్హులు. ఇంట్లో కొందరికి అర్హత ఉండి కొందరికి లేకపోతే సాయం ఆ మేరకు తగ్గుతుంది. కాబట్టి గ్రీన్ కార్డు మీద ఉంటున్న పెద్దవాళ్లు, ఆదాయం తక్కువైతే, ఇదే లిస్టులో పేరు రాయించుకోవచ్చు.

కాలనీ సంఘాల సంగతి

మా పిన్ని కొడుకు ఫోన్‌లోని మెసేజ్ వచ్చింది కాలనీ గ్రూపు నుంచి కాబట్టి ఇది చెప్పాలి. డాలస్‌కి ఉత్తరాన ప్రావిడెన్స్ విలేజ్ అనే ఊళ్లో ఇళ్ల యజమానుల సంఘం 2022లో ఒక నియమం పెట్టింది. అక్కడి ఓనర్లెవరూ వోచర్ కుటుంబాలకి ఇళ్లు అద్దెకివ్వకూడదు, ఇస్తే జరిమానా. ఆ ఊళ్లో వోచర్‌తో ఉంటున్నవాళ్లు 600 మందికి పైనే, అందులో ఎక్కువమంది నల్లజాతివారు. పిల్లల్ని బడి మధ్యలో మాన్పించి ఎక్కడికి పోవాలో తెలియక తల్లులు ఏడ్చారు. అప్పుడు ఇదే టెక్సస్ శాసనసభ 2023లో, అద్దె ఎలా కడుతున్నారన్నది చూసి సంఘాలు అద్దెదారులపై వివక్ష చూపకూడదని చట్టం చేసింది. సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. రెండు చట్టాలూ కలిపి చదివితే: వోచర్ తీసుకోమని ఓనరుని నగరం బలవంతపెట్టకూడదు, తీసుకోవద్దని కాలనీ సంఘం కూడా బలవంతపెట్టకూడదు. మాజీ సైనికుల మినహాయింపు పోను, నిర్ణయం ఓనరుదే. మా పిన్ని కొడుకుదే.

మరి కౌన్సిల్‌కి ఏం మిగిలింది? పైకి కనిపించేదానికన్నా ఎక్కువే. వోచర్లని ప్రోత్సహించే స్వచ్ఛంద పథకాలకి 2015 చట్టమే తలుపు తెరిచి ఉంచింది. వోచర్ కుటుంబాలకి ఇన్ని ఇళ్లు కేటాయిస్తానంటే బిల్డరుకి అదనంగా రెండంతస్తులు అనుమతించొచ్చు. నగరం డబ్బు తీసుకున్న ప్రాజెక్టుతో ఒప్పందంలోనే వోచర్లు తీసుకోవాలని రాయించుకోవచ్చు. ఓనర్లకి ప్రోత్సాహకాలు ఇవ్వొచ్చు.

అన్నిటికన్నా పెద్దది జోనింగ్. ఏ స్థలంలో ఏం కట్టొచ్చో తేల్చేది కౌన్సిలే. అపార్ట్‌మెంట్లకి అనుమతే లేని ఊళ్లో ఎన్ని వోచర్లుంటే మాత్రం ఏం లాభం? డాలస్ పక్కన సన్నీవేల్ అనే ఊరు ఇంటికి కనీసం ఎకరం స్థలం ఉండాలనీ, అపార్ట్‌మెంట్లు కట్టకూడదనీ పట్టుబట్టింది. ఎవరి పేరూ ఎత్తకుండానే ఎవరు రాకూడదో తేల్చేసింది. ఆ నియమాలు ఫెయిర్ హౌసింగ్ చట్టానికి విరుద్ధమని 2000లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. 2015 జూన్‌లో సుప్రీంకోర్టు, డాలస్ పన్ను రాయితీల కేసులో 5–4 తేడాతో, ఉద్దేశం రుజువు కాకపోయినా ఫలితం ఒక జాతివారిని వెలివేసేలా ఉంటే దాన్ని ప్రశ్నించొచ్చని చెప్పింది. ఆస్టిన్ చట్టం పోయింది కూడా ఆ వేసవిలోనే.

పండగైన రెండు రోజులకి మావాడు మీటింగ్ ఎజెండా పంపించాడు. సెక్షన్ 8 అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఉన్నది ఆ ఏటి సీడీబీజీ ఖర్చు ప్రణాళిక. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇంటి పైకప్పుల మరమ్మతులకి ఇంత, వీల్‌చైర్ వాలులు కట్టడానికి ఇంత, కరెంటు బిల్లు కట్టలేని కుటుంబాలకి ఇంత. దానికింద, ప్రజలు ఒక్కొక్కరు మూడు నిమిషాలు మాట్లాడొచ్చని ఉంది.

"దీన్నా వద్దని చెప్పమంటున్నారు?" అని ఫోన్ చేశాడు.

అవునన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ఆగస్టులో వాడి ఇంట్లో ఇప్పుడున్నవాళ్లు ఖాళీ చేస్తున్నారని చెప్పి, హౌసింగ్ అథారిటీ తనిఖీకి మామూలుగా ఎన్నాళ్లు పడుతుందో వాళ్లనే అడగాలంటే ఏ నంబరుకి ఫోన్ చేయాలని అడిగాడు.